కొలతలమ్మ కొన్న ఆట డబ్బా

ఆ వీధిలో ఆమె అసలు పేరు పోస్టు తెచ్చే మనిషికి తప్ప ఎవరికీ గుర్తు లేదు. కొలతలమ్మ అంటే చాలు, ముక్కుపచ్చలారని పిల్లలు కూడా మూల మీదున్న అద్దాల షాపు వైపు వేలు చూపిస్తారు. మెడలో టేపు, చెవి మీద గాజుపై గీసే మైనపు పెన్సిలు, నుదుటి మీదికి ఎక్కించిన కళ్ళజోడు. ఇరవై రెండేళ్ళుగా ఆ షాపులో కొలిచేది ఆమె, కోసేది ఆమె భర్త. ఆమె కొలత తప్పిందని గానీ, ఆయన కోత వంకర పోయిందని గానీ ఒక్కడూ వేలెత్తి చూపలేదు.

కొలవకుండా ఆమె దేన్నీ నమ్మదు. బట్టల కొట్లో గుడ్డ కొంటే కొట్టువాడి ముందే తన టేపు తీస్తుంది. తాపీమేస్త్రీ "గోడ నిలువుగానే ఉందమ్మా" అంటే, "ఆ సంగతి గోడ చెప్పాలి, నువ్వు కాదు" అని దారానికి గుండు కట్టి వేలాడదీస్తుంది. పెళ్ళికి ముందు పెళ్ళికొడుకు ఎత్తు కూడా కొలిచిందని వీధిలో ఒక మాట ఉంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అది వట్టి కోత. ఆయన గుమ్మంలో నిలబడ్డప్పుడు గుమ్మం ఎత్తుతో పోల్చి చూసుకుంది, అంతే.

అలాంటి మనిషికి ఐదు వారాల కిందట కొలతకందని కష్టం వచ్చిపడింది. ఒక డాన్సు స్కూలు వాళ్ళు గోడ పొడుగునా అద్దాలు కావాలన్నారు. మనిషెత్తు అద్దాలు, మొత్తం పద్నాలుగు. ఆఖరిదాన్ని వీధిలోంచి షాపులోకి తెస్తుంటే మెట్టు మీద ఆయన కాలు జారింది. గాజు పనిలో మొట్టమొదట నేర్పేది ఒకటే: అద్దం జారితే వదిలెయ్యి, వెనక్కి గెంతు. ఆ మాట ఎంతమందికి చెప్పాడో ఆయనకే లెక్క తెలియదు. ఆ రోజు మాత్రం తాను వదల్లేదు. అద్దాన్ని గుండెకు హత్తుకుని వెల్లకిలా పడ్డాడు. అద్దం మీద గీత కూడా పడలేదు. ఆయనకు నడుము దగ్గర వెన్నుపూస చిట్లింది, ఎడమ కాల్లోకి దిగే నరం నలిగింది.

రెండున్నర నెలలు కూర్చునే ప్రసక్తే లేదన్నాడు డాక్టరు. పడుకునే ఉండాలి, తల కింద రెండు దిండ్లకు మించకూడదు. డాన్సు స్కూలు వాళ్ళు మంచివాళ్ళు, "ఆయన లేచాకే వచ్చి బిగించండి, మాకేం తొందర లేదు" అన్నారు. దాంతో అద్దాలు ఇంట్లోనే ఉండిపోయాయి. ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో సన్నటి నడవ. ఆ నడవలో, పడగ్గది గోడకు ఆనించి, ఒకదాని పక్కన ఒకటి వరసగా.

నాలుగో వారం డాక్టరు ఎడమ కాలికి ఒక కసరత్తు చెప్పాడు. పడుకునే కాలు పైకెత్తి, పది లెక్కపెట్టి దించాలి. పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు. వెళ్ళేటప్పుడు కొలతలమ్మను గుమ్మం బయటికి పిలిచి, "ఎముక దాని పని అది చేసుకుంటోందమ్మా. ఇంక చెయ్యాల్సింది ఆయన. ఈ నెలంతా కాలు ఎత్తకపోతే ఆ కాలు అలాగే సన్నబడిపోతుంది, తర్వాత నేనేం చెయ్యలేను" అన్నాడు. ఆయన ఎత్తలేదు. బతిమాలింది, కోప్పడింది, అన్నం తిననని అలిగింది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆయన మొదట్నుంచీ తక్కువ మాట్లాడే మనిషే. కానీ తక్కువ మాట్లాడడం వేరు, నోరు కుట్టేసుకోవడం వేరు. మంచినీళ్ళు కావాలంటే చెంబు వైపు చూస్తాడు. దీపం ఆర్పాలంటే దీపం వైపు చూస్తాడు. కొలతలమ్మకు భయం వేసింది. ఎముక అతుక్కుని మనిషి అతుక్కోకపోతే తనేం చెయ్యాలి?

వాళ్ళకు ఒక్కతే కూతురు. వేరే ఊళ్ళో శిక్షణ కేంద్రంలో రైలింజను నడపడం నేర్చుకుంటోంది. తండ్రి పడ్డాడని తెలిసిన రోజు పరుగెత్తుకుని వచ్చి రెండు రోజులుండి వెళ్ళింది, అంతకు మించి సెలవివ్వలేదు. రోజూ ఫోను చేస్తుంది. తండ్రి తీరు తెలిసిందే కదా, "తిన్నావా? తిన్నాను. అమ్మకిస్తున్నా." అయిపోయింది.

నిజానికి ఆ తండ్రీకూతుళ్ళు ఫోన్లో ఎప్పుడూ మాట్లాడుకోలేదు. వాళ్ళు మాట్లాడుకునే చోటు ఇంకోటుంది. షాపులో అద్దాల మీద పూలూ లతలూ చెక్కడానికి డిజైన్లు గీసే పెద్ద కంప్యూటరుంది. దాంట్లో ఒక లారీల ఆట. ఇక్కడ ఈయన ఒక లారీ, అక్కడ హాస్టల్లో ఆ పిల్ల ఇంకో లారీ. సాయంత్రం ఆరింటికి ఇద్దరూ లోడెత్తుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కొండలూ వంతెనలూ దాటుకుంటూ గంటసేపు పోయేవాళ్ళు. చేతులకు పనీ, కళ్ళకు రోడ్డూ దొరికితే ఆయన నోరు దానంతటదే తెరుచుకునేది. హాస్టల్ నీళ్ళ గొడవ నుంచి షాపుకొచ్చిన తలతిక్క కస్టమర్ల దాకా అన్నీ ఆ లారీల్లోనే. కొలతలమ్మ మాత్రం, "యాభై ఏళ్ళ మనిషి, బొమ్మ లారీ" అని మూతి తిప్పుకునేది. ఇప్పుడు ఆ కుర్చీ ఐదు వారాలుగా ఖాళీ.

ఒకరోజు ఫోన్లో కూతురే అంది, "అమ్మా, చేత్తో పట్టుకుని ఆడే డబ్బా ఒకటుంది. పడుకుని కూడా ఆడుకోవచ్చు. ఆట మన కంప్యూటర్లోనే నడుస్తుంది, బొమ్మ మాత్రం దాంట్లోకి వస్తుంది."

"అంటే ఇంట్లో ఒక కంప్యూటరుంటేనే పనిచేసే ఇంకో కంప్యూటరా?"

"అలాంటిదే."

"బాగుంది తల్లీ. చెప్పులు కొంటే నడవడానికి ఇంకో జత చెప్పులు కావాలన్నట్టుంది."

అలా అందేగానీ మర్నాడే కంప్యూటర్లు బాగుచేసే షాపుకి వెళ్ళి కూర్చుంది. అతను ఇలాంటివి అమ్మడు. అమ్మనివాడైతేనే ఉన్నదున్నట్టు చెబుతాడని ఆమె నమ్మకం. అతను కూడా మొహమాటం లేని మనిషి, స్క్రూడ్రైవరు కింద పెట్టకుండానే మొదలుపెట్టాడు.

"చాలామందికి దండగమ్మా. కంప్యూటర్ ముందు కూర్చోగలిగినవాడికి దీంతో పనేముంది? ప్రయాణాల్లో ఆడదామని కొంటారు. అక్కడ నెట్ సరిగా ఉండదు, బొమ్మ నత్తలా పాకుతుంది. నెల తిరక్కుండా బీరువాలో పడేస్తారు. అంతగా కావాలంటే ఉన్న ఫోనుకే రెండు పక్కలా పిడులు తగిలించుకోవచ్చు, చవగ్గా పోతుంది."

"ఫోను వద్దు. కస్టమర్లు చేస్తుంటారు, ఎప్పుడు లేస్తావని అడుగుతుంటారు. అది మోగితే చాలు, ఆయన గోడవైపు తిరుగుతున్నాడు. సరేగానీ, అసలు కూర్చోలేని మనిషికైతే?"

అతను స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "కూర్చోలేని మనిషికైతే వేరే సంగతి. కంప్యూటర్ గట్టిదే కదా? నేనే అమ్మాను, గట్టిదే. వైఫై పెట్టెకీ మంచానికీ ఎంత దూరం?"

"ఇరవై ఏడడుగుల నాలుగంగుళాలు."

"కొలిచొచ్చారా?"

"కొలవకుండా వస్తానా?"

"సరిపోతుంది. ఆన్‌లైన్లో తెప్పించుకోండి. పది రోజుల్లో వాపసు ఇచ్చెయ్యొచ్చు. బరువు అరకేజీ దాకా ఉంటుంది, అది చూసుకోండి. పడుకుని ఎత్తి పట్టుకోవాలంటే చేతులు లాగేస్తాయి."

ధర విని ముక్కున వేలేసుకుంది. అయినా కొలతలు తీసుకోవడానికి డబ్బులక్కర్లేదు కదా. ఇంటికొచ్చి, ఆ డబ్బా పొడవూ వెడల్పూ ఫోన్లో చూసి, ఆరు మిల్లీమీటర్ల గాజు ముక్క ఒకటి అదే సైజుకి ఈసారి తనే కోసింది. వంటింటి తూకం మీద పెడితే అరకేజీకి కాస్త ఎక్కువే చూపించింది. అంచులు రాయి మీద రుద్ది, తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది పట్టుకుని ఎంతసేపుండగలరో చూడండి."

ఆయన పట్టుకున్నాడు. పట్టుకున్నాడో లేదో, చెయ్యి వణికింది. గబుక్కున దుప్పటి మీద పెట్టేశాడు.

"అంచు సరిగ్గా రుద్దలేదు," అన్నాడు.

ఫోన్లో కూతురితో అనే ఆ రెండు ముక్కలు తప్ప, ఆ ఇంట్లో ఆయన గొంతు వినిపించి నాలుగు రోజులైంది. కొలతలమ్మకు కళ్ళనీళ్ళ పర్యంతమైంది. తన పనికి వంక పెట్టినందుకు జీవితంలో మొదటిసారి సంతోషపడింది. ఆ సంతోషంలో చెయ్యి వణికిన సంగతి పట్టించుకోలేదు. మంచం మీదున్న మనిషి, నీరసం కాబోలు అనుకుంది. పక్క షాపు వడ్రంగిని అడిగి అంతే బరువున్న చెక్కముక్క తెచ్చిచ్చింది. పొట్ట మీద దిండు పెట్టి, దిండు మీద చెక్క ఆనిస్తే అరగంట పట్టుకున్నాడు, వేలు కూడా కదల్లేదు. గాజుకు వణికిన చెయ్యి చెక్కకు ఎందుకు వణకలేదని అప్పుడైనా అడగాల్సింది. అన్నీ కొలిచే మనిషికి ఆ ఒక్కటీ తట్టలేదు.

డబ్బా వచ్చింది. మధ్యలో వెడల్పాటి తెర, రెండు పక్కలా పట్టుకోవడానికి పిడులు, బొటనవేళ్ళ కింద తిరిగే చిన్న బుడిపెలు. కూతురు ఫోన్లో చెబుతుంటే కొలతలమ్మే షాపులో కంప్యూటర్ ఆన్ చేసి, దాన్నీ దీన్నీ కలిపింది. సాయంత్రం ఆరింటికి ఆయన చేతిలో లారీ కనిపించింది. తెర వెలుగు పడి ఆయన మొహం కాస్త విచ్చుకుంది.

రెండు నిమిషాలు. అంతే, బొమ్మ బిగుసుకుపోయింది. మళ్ళీ కదిలేసరికి లారీ రోడ్డు దిగి పొలాల్లో ఉంది.

"నాన్నా, బ్రేకు," అంటోంది డబ్బాలోంచి కూతురి గొంతు, ముక్కలు ముక్కలుగా. "నాన్నా, నా వెనకే... నాన్నా?"

మళ్ళీ బిగుసుకుంది. ఈసారి లారీ వంతెన గోడను గుద్ది పల్టీ కొట్టింది. ఆయన డబ్బాను నెమ్మదిగా దుప్పటి మీద పెట్టేశాడు.

రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. కొలతలమ్మ నెట్ కంపెనీవాళ్ళ మీద ఒంటికాలి మీద లేచింది. వాళ్ళు వచ్చి చూసి, లైను బంగారంలా ఉందన్నారు. కంప్యూటర్ షాపతనికి చెబితే, కంప్యూటర్ తుమ్మకుండా దగ్గకుండా నడుస్తోంది కదా, దానిదేం తప్పు లేదన్నాడు. డబ్బా మారిస్తే సరిపోతుందేమోనంది కూతురు. ఇలా తలా ఒక మాట అనేసరికి వారం గడిచిపోయింది. ఎనిమిదో రోజు సాయంత్రం లారీ ముచ్చటగా మూడోసారి కాలవలో పడ్డాక, ఆయన తల కూడా తిప్పకుండా, "పంపించెయ్" అన్నాడు.

"ఇంకొక్కరోజు చూద్దామండీ."

"నాకొద్దు. నాకేమీ వద్దు. పంపించెయ్."

ఆ 'ఏమీ' అన్న మాట ఆమెకు ముల్లులా దిగింది. ఏమీ అంటే డబ్బా ఒక్కటే కాదని అర్థమైంది. వంటింట్లోకి వెళ్ళి, పంపు తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని ఫోన్లో వాపసుకి నొక్కింది. మర్నాడు సాయంత్రం ఐదుకీ ఏడుకీ మధ్య మనిషొచ్చి తీసుకెళ్తాడని జవాబు వచ్చింది.

పొద్దున్నే పెట్టె ముందేసుకుని కూర్చుంది. కానీ చేతులు రాలేదు. బరువు కొలిచింది, సైజు కొలిచింది, దూరం అంగుళాలతో సహా కొలిచింది. కొలిచి కొన్న వస్తువు తప్పెలా అవుతుంది? వస్తువు మీద కోపం కాస్తా తన మీదికి మళ్ళింది. తన కొలతలో ఎక్కడో తేడా ఉండి ఉండాలి. లేచి, కంప్యూటర్ ఆన్ చేసి, డబ్బాలో లారీ బొమ్మ తెప్పించి, షాపులో వైఫై పెట్టె దగ్గర నుంచి ఒక్కొక్క అడుగే వెయ్యడం మొదలుపెట్టింది. రెండేసి అడుగులకు ఆగి, మైనపు పెన్సిలుతో నేల మీద రాసుకుంది. బాగుంది. బాగుంది. బాగుంది. నడవ దాటింది. బాగుంది. పడగ్గది గుమ్మం దాటి మంచం దగ్గరికి వెళ్ళింది. చచ్చింది.

వంటింట్లోకి వెళ్ళింది. వంటింటికి ముప్పై ఎనిమిది అడుగులు. అక్కడ లారీ గుర్రంలా పరిగెత్తుతోంది.

దూరమున్న చోట పరుగు, దగ్గరున్న చోట చావు. అయితే తప్పు దూరానిది కాదు. కొలతలమ్మ మళ్ళీ నడవలోకొచ్చి నిలబడింది. ఎదురుగా పద్నాలుగుమంది కొలతలమ్మలు చేతుల్లో తలా ఒక డబ్బా పట్టుకుని ఆమె వంకే తెల్లమొహం వేసుకుని చూస్తున్నారు.

కంప్యూటర్ షాపతనికి ఫోను చేసింది. "ఒక మాట చెప్పండి. వైఫైకి అద్దం అడ్డమొస్తుందా?"

"మామూలు గాజైతే రాదమ్మా. మొహం చూసుకునే అద్దమైతే వస్తుంది. వెనక లోహం పూతుంటుంది కదా, రేకు అడ్డం పెట్టినట్టే. ఒకటీ అరా అయితే ఫర్వాలేదు. ఎన్నున్నాయేంటి?"

"పద్నాలుగు," అంది. "మనిషెత్తువి. మంచం పక్క గోడకే."

"ఇరవై రెండేళ్ళుగా అద్దాలే కదమ్మా అమ్ముతున్నారు," అన్నాడతను.

కొలతలమ్మ ఫోను పెట్టేసింది. అద్దం వెనక పూత ఎన్ని పొరలుంటుందో కస్టమర్లకు నోరు నొప్పెట్టేలా చెప్పే మనిషి. పొద్దున లేస్తే ఆ అద్దాల పక్క నుంచే ఒళ్ళు ముడుచుకుని నడుస్తోంది. ఇంట్లో అద్దాలుండడమంటే ఇంట్లో గాలి ఉండడం లాంటిది, గాలిని ఎవరు కొలుస్తారు? సిగ్గుపడింది, తర్వాత ఫక్కున నవ్వింది. వైఫై పెట్టెనే ఇటు తెద్దామంటే లైను మనిషి రావాలి, వారం పడుతుంది. వాపసు మనిషి సాయంత్రమే వస్తాడు. మిగిలింది ఒకటే దారి, కొంగు బిగించి వడ్రంగిని కేకేసింది.

"తమ్ముడూ, ఈ పద్నాలుగూ షాపులోకి, వైఫై పెట్టెకి అడ్డం రాని గోడకి మార్చాలి."

వడ్రంగి అద్దాల వంకా, ఆమె వంకా చూశాడు. "షాపులో పెడితే కస్టమర్లు ఎక్కడ నిలబడతారక్కా?"

"పక్కకి తిరిగి నిలబడతారు. పట్టు."

మొదటి అద్దం లేపగానే అంచు నేలకు రాసుకుని కీచుమంది. లోపల్నుంచి ఆయన గొంతు వినిపించింది. అరుపు కాదు, అంతకన్నా ఘోరంగా ఉంది.

"ఆపండి. వాటిని కదపకండి. వదిలెయ్యండి."

కొలతలమ్మ లోపలికి పరిగెత్తింది. ఆయన మొహమంతా చెమట. దుప్పటి రెండు చేతులా పిడికిట్లో బిగించి ఉన్నాడు. నొప్పి ఎక్కువైందా అంటే కాదని తలూపాడు. వడ్రంగి గుమ్మంలో నిలబడి, "నేనున్నాను బావగారూ, అక్క మీద బరువు పడనివ్వను" అన్నాడు. ఆయన దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

ఆమె మంచం పక్కన కాసేపు నిలబడింది. ఆపెయ్యాలా, మార్చాలా? ఆపేస్తే సాయంత్రం డబ్బా పోతుంది, ఈయన ఈ గోడ వైపే ఉండిపోతాడు. గాజు ముక్క పట్టుకున్నప్పుడు వణికిన చెయ్యి అప్పుడు గుర్తొచ్చింది. కారణం పూర్తిగా తెలియలేదు గానీ, ఇది నీరసం కాదని తెలిసింది. బయటికొచ్చి పాత దుప్పట్లన్నీ తెచ్చి నేల మీద పరిచింది. అద్దానికీ అద్దానికీ మధ్య అట్టలు పెట్టింది. చప్పుడన్నది లేకుండా, ఇద్దరూ దొంగల్లా పద్నాలుగు అద్దాలూ మార్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. వడ్రంగి నడుం పట్టుకుని, "ఆట ఆడేది బావగారు, అలిసేది నేనూనా" అని గొణుక్కుంటూ వెళ్ళాడు.

ఆరింటికి ఆమె డబ్బా తీసుకుని మంచం దగ్గరికెళ్ళింది.

"పంపించెయ్యమన్నాను కదా."

"పంపిస్తాను. మనిషి దారిలో ఉన్నాడు. వచ్చేలోపు ఒక్కసారి పట్టుకోండి. పిల్ల అక్కడ కూర్చునుంది, వద్దని దానికి మీరే చెప్పండి."

ఆయన అయిష్టంగానే పట్టుకున్నాడు. దిండు సర్ది ఆమె బయటికొచ్చేసింది, కానీ దూరం పోలేదు. ఖాళీ అయిన నడవలో, గుమ్మం పక్కన నిలబడింది. లారీ స్టార్టయిన చప్పుడు. గేరు మారిన చప్పుడు. రెండు నిమిషాలు గడిచాయి. నాలుగు గడిచాయి. బొమ్మ బిగుసుకోలేదు.

"నాన్నా, ఇవాళ బాగా వస్తోంది కదా."

"ఊఁ."

"ఏం లోడెత్తావ్?"

"ఖాళీ."

"అదేంటి? నువ్వెప్పుడూ అద్దాల లోడే కదా ఎత్తేది. నలభై దాటకుండా నడిపి నా ప్రాణం తీసేవాడివి."

ఇంజను చప్పుడొక్కటే. అంతలో వీధి తలుపు దగ్గర బెల్లు మోగింది. కొలతలమ్మ కదల్లేదు.

"అద్దాలు వద్దమ్మా," అన్నాడాయన. గొంతు మామూలుగానే ఉంది, రోడ్డు చూసుకుంటూ మాట్లాడే గొంతు. "ఆ రోజు వదిలెయ్యాల్సింది. చేతులు వదల్లేదు. ఎందుకు వదల్లేదో ఇప్పటికీ తెలీడం లేదు. పగిలుంటే నా మెడ మీద పడేది. ఇప్పుడు గాజు చప్పుడు వింటే చాలు, ఒళ్ళంతా చెమటలు. మీ అమ్మ అరచేతంత గాజు ముక్క చేతిలో పెడితే పట్టుకోలేకపోయాను. కాలు బాగైతే మళ్ళీ అద్దాలు ఎత్తాలి కదా. అందుకే... కాలు ఇలాగే ఉండిపోతే బాగుండుననిపిస్తోంది తల్లీ."

కొలతలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇరవై రెండేళ్ళు పక్కన నిలబడి పనిచేసిన మనిషి. ఈ భయాన్ని ఒంటరిగా మోస్తూ గోడ వైపు తిరిగి పడుకుంటే తను బద్ధకం అనుకుంది, మొండితనం అనుకుంది. లోపలికి పరిగెత్తి ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది. పరిగెత్తితే ఆ మాట ఆగిపోతుందని తెలిసి ఆగింది. బెల్లు రెండోసారి మోగింది.

"నాన్నా, ముందు మలుపుంది, చూసుకో," అంది కూతురు. తన లారీ మాత్రం ఆపలేదు. "మరైతే నువ్వు ఎత్తకు. కొలతలు నువ్వు తీసుకో, అమ్మ కోస్తుంది."

"మీ అమ్మ కోస్తే అద్దాలు కాదు, మేస్త్రీలు తెగుతారు."

"వడ్రంగి మామయ్య ఎత్తుతాడు, నువ్వు పక్కన నిలబడి తిట్టు. అది కూడా వద్దనుకుంటే షాపులో కూర్చుని అద్దాల మీద పూలు గియ్యి. ఏదో ఒకటి చేద్దాం నాన్నా, దానికి తొందరేం లేదు. కాలు మాత్రం నాక్కావాలి. నేను మొదటిసారి ఇంజను నడిపే రోజు నువ్వు పక్కనుండి చూడాలి. ఆ ఇంజను మెట్లు నిలువుగా ఉంటాయి, నిన్ను ఎత్తుకుని ఎక్కించలేను."

కాసేపు రెండు లారీలూ నడిచాయి.

"ఎన్ని మెట్లు?" అన్నాడాయన.

"నాలుగు."

"నాలుగేనా," అని, ఇంకాస్త ఆగి, "మీవాళ్ళు పక్కనెవరినైనా ఎక్కనిస్తారా అసలు?" అన్నాడు. అక్కడ్నుంచి ఇంజను గురించి అడగడం మొదలుపెట్టాడు. బ్రేకు ఎక్కడుంటుంది, ఎంత దూరంలో ఆగుతుంది, వానొస్తే పట్టాలు జారవా. ఒకదాని మీద ఒకటి, కట్ట తెగినట్టు.

మూడోసారి బెల్లు మోగాక కొలతలమ్మ కళ్ళు తుడుచుకుని, ఖాళీ అట్టపెట్టె చేతిలో పట్టుకుని, షాపులో అద్దాల మధ్య పక్కకి తిరిగి నడుచుకుంటూ తలుపు తీసింది. వాపసు మనిషి నడివయసువాడు, భుజాన సంచితో, వేచి వేచి మొహం మాడ్చుకుని ఉన్నాడు. పెట్టె అందుకుని ఊపి చూశాడు.

"వస్తువేదీ మేడమ్?"

"లోపలుంది. ఇవ్వడం లేదు. వాపసు వద్దు."

"వద్దంటే సరిపోదు మేడమ్. ఇంతదూరం వచ్చాను. ఎందుకు రద్దు చేశారో నేను ఫోన్లో రాయాలి, రాయకపోతే రేపు మళ్ళీ నన్నే పంపిస్తారు." ఫోను తీసి, కళ్ళజోడు సర్దుకుని, వేలు సిద్ధంగా పెట్టుకున్నాడు. "చెప్పండి, ఏం రాయమంటారు? పనిచేస్తోందని రాయనా? నచ్చిందని రాయనా?"

లోపల్నుంచి ఆయన గొంతు వినిపిస్తోంది. గూడ్సు బండికి ఎన్ని పెట్టెలుంటాయో అడుగుతున్నాడు.

"మా ఆయన మాట్లాడుతున్నారని రాయండి," అంది కొలతలమ్మ.

అతను ఆమె మొహంలోకి చూశాడు. లోపలి మాటలు కాసేపు విన్నాడు. తర్వాత ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ అదే రాసుకుని, సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు.